మద్యం తాగి బండి నడిపితే లైసెన్సు ఏమవుతుంది? అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో మోటారు వాహనాల కేసులు చూసే న్యాయవాదిని. డ్రంక్ అండ్ డ్రైవ్‌లో పట్టుబడి వచ్చేవాళ్లు ముందుగా అడిగేది జరిమానా ఎంత అని. లైసెన్సు గురించి అడిగేవారు అరుదు. రేణిగుంట విమానాశ్రయం నుంచి అలిపిరికి, అక్కడి నుంచి కాణిపాకానికీ శ్రీకాళహస్తికీ యాత్రికులను తిప్పి ఇల్లు గడుపుకునేవాళ్లు ఇంతమంది ఉన్న ఊళ్లో అసలు భయపడాల్సింది దాని గురించే.

అపోహ: పది వేలు కట్టేస్తే అయిపోతుంది.

హెల్మెట్ చలానా కాదిది. తాగి నడపడం మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద నేరం. ఆ కేసును రోడ్డు మీద డబ్బు కట్టి రాజీ చేసుకునే వీలు చట్టంలో లేదు, కోర్టుకు వెళ్లాల్సిందే. 2019 సవరణ ప్రకారం మొదటిసారి రూ.10,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. మళ్లీ దొరికితే రూ.15,000, లేదా రెండేళ్ల వరకు జైలు, లేదా రెండూ.

లైసెన్సుకు ముప్పు రెండు వైపుల నుంచి వస్తుంది. ఒకటి రవాణా శాఖ. పోలీసులు లైసెన్సు స్వాధీనం చేసుకుని లైసెన్సింగ్ అధికారికి పంపుతారు. ఆయన మీ వాదన విన్నాక 19వ సెక్షన్ కింద ఉత్తర్వు ఇస్తే మొదటిసారికి మూడు నెలల అనర్హత, రెండోసారికి లైసెన్సు రద్దు. ఇదేమీ నిన్నగాక మొన్న వచ్చింది కాదు. రోడ్డు భద్రతపై సుప్రీంకోర్టు వేసిన కమిటీ కనీసం మూడు నెలలు సస్పెండ్ చేయాలని 2015లోనే రాష్ట్రాలకు చెప్పింది.

రెండోది కోర్టు. నేరం రుజువైతే జరిమానాతో పాటు కనీసం ఆరు నెలలు లైసెన్సుకు అనర్హుడిగా ప్రకటించాలని 20వ సెక్షన్ నిర్దేశిస్తోంది. చాలామంది మొదటి వాయిదాకే ‘ఒప్పుకుంటున్నాను’ అని చెప్పి, డబ్బు కట్టి, పని తీరిందనుకుని ఇంటికి వెళతారు. ఒప్పుకోవద్దని నేను అనను. తప్పు చేసినవాడు ఒప్పుకోవడంలో తప్పేముంది? కానీ ఆ ఒక్క మాటతో శిక్ష పడిన రికార్డు తయారవుతుందనీ, మరోసారి పట్టుబడితే రెండో నేరంగా లెక్కకు వస్తుందనీ తెలుసుకుని ఒప్పుకోండి.

అపోహ: లైసెన్సు తీసుకుని పోలీసులు రసీదు ఇచ్చారు, అది చూపించి బండి నడపవచ్చు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఇతర ఉల్లంఘనల్లో పత్రాలు తీసుకుని ఇచ్చే రసీదుతో గడువు వరకు బండి నడిపిన అనుభవం డ్రైవర్లకు ఉంటుంది. అదే ధీమాతో ఈ రసీదునూ జేబులో పెట్టుకుంటారు. కానీ 206వ సెక్షన్‌లో 2019లో చేర్చిన నాలుగో ఉపసెక్షన్ చూడండి: లైసెన్సు తీసుకున్నట్టు తాత్కాలిక రసీదు ఇవ్వాలి, అయితే లైసెన్సు తిరిగి వచ్చేదాకా బండి నడపడానికి ఆ రసీదు అనుమతి కాదు. ఇక అనర్హత ఉత్తర్వు వచ్చాక నడిపితే 182వ సెక్షన్ కింద ఇంకో కేసు: మూడు నెలల వరకు జైలు, లేదా రూ.10,000, లేదా రెండూ.

అపోహ: దొరికింది స్కూటర్ మీద, టాక్సీకి ఏమీ కాదు.

డ్యూటీ దిగి, కారు ఓనరుకు అప్పగించి, సొంత స్కూటర్ మీద ఇంటికి వెళుతూ దొరికిన డ్రైవర్లు ఈ మాటే అంటారు. కార్డు ఒక్కటే. అందులో ద్విచక్ర వాహనం, కారు, రవాణా వాహనం అన్నీ వరుసగా ఉంటాయి. అనర్హత వాటిలో కొన్నింటికే పెట్టవచ్చు, అన్నింటికీ పెట్టవచ్చు. అందుకే మీపై చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పమని లైసెన్సింగ్ అధికారి నుంచి షోకాజ్ నోటీసు వస్తే పక్కన పడేయకండి. జీవనాధారం టాక్సీయేననీ, గతంలో ఏ కేసూ లేదనీ రాతపూర్వకంగా చెప్పుకునే అవకాశం అదే. కనికరిస్తారన్న హామీ లేదు, కానీ జవాబే ఇవ్వకపోతే మీ తరఫున చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. ఉత్తర్వు అందాక అప్పీలుకు 30 రోజుల గడువు.

అపోహ: రాత్రి తాగింది పొద్దుటికి దిగిపోతుంది.

పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు ఒక్కటి చాలు, 70 కిలోల మనిషిని దాన్ని దాటించడానికి. శరీరం ఆ ఆల్కహాల్‌ను గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున మాత్రమే తగ్గిస్తుంది. అర్ధరాత్రి పెళ్లి విందు ముగిసేసరికి 120 ఉందనుకోండి. దర్శనం టికెట్టు ఉన్న చెన్నై కుటుంబాన్ని తెల్లవారుజామున నాలుగింటికి రైల్వే స్టేషన్‌లో ఎక్కించుకునేసరికి ఇంకా 60 ఉంటుంది. మత్తు దిగినట్టే అనిపిస్తుంది, పోలీసులు ఊదించే బ్రెత్ ఎనలైజర్ మిషన్‌కు మాత్రం అనిపించదు. మజ్జిగ, చన్నీళ్ల స్నానం, బ్లాక్ కాఫీ ఆ 15ను 20 చేయలేవు. యాలకులు, సోంపు నోటి వాసనకే పనికొస్తాయి. మిషన్ కొలిచేది ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలిని.

మిషన్ మీద నమ్మకం లేకపోతే ఊదే గొట్టం కొత్తది వేయమని అడగండి. అంకె, తేదీ, సమయం ఉన్న చీటీని సంతకానికి ముందు చదవండి. మౌత్‌వాష్ అప్పుడే పుక్కిలించి ఉంటే ఆ మాట చెప్పి, పావుగంట ఆగి మళ్లీ పరీక్షించమనండి.

అపోహ: ఊదనంటే కేసే ఉండదు.

ఉంటుంది. తాగారని అనుమానించడానికి తగిన కారణం ఉంటే వారెంట్ లేకుండా అరెస్టు చేయవచ్చు, రక్త పరీక్ష చేయించవచ్చు. కారణం లేకుండా నిరాకరించడమే కోర్టులో మీకు వ్యతిరేకంగా నిలుస్తుంది.

అపోహ: ఇక్కడ సస్పెండ్ అయితే వేలూరులోనో కోలారులోనో ఇంకో లైసెన్సు తీసుకోవచ్చు.

చిత్తూరు మూడు రాష్ట్రాల కూడలి కాబట్టి ఈ సలహా ఇచ్చే ఏజెంట్లకు కొదవ లేదు. లైసెన్సు దేశమంతటా ఎలా చెల్లుతుందో అనర్హత కూడా అలాగే వర్తిస్తుంది. ఆ కాలంలో కొత్త లైసెన్సు పొందే అర్హతే ఉండదు. వివరాలు దాచి దరఖాస్తు చేయడం విడిగా నేరం. డబ్బు ఏజెంటుకు, కేసు మీకు.

అపోహ: మూడు నెలలు గడిస్తే కార్డు దానంతట అదే చేతికి వస్తుంది.

19వ సెక్షన్ సవరణ ప్రకారం డ్రైవర్ రిఫ్రెషర్ శిక్షణ పూర్తి చేసినవారికే లైసెన్సు తిరిగి ఇస్తారు. ఆ శిక్షణ సస్పెన్షన్ కాలంలోనే ముగించుకోండి. గడువు ముగిశాక మొదలుపెడితే బండి లేకుండా కూర్చునే రోజులు ఇంకా పెరుగుతాయి.