మాజీల బీచ్ క్రికెట్ వెనక బీరు లెక్క

నెల్లూరు జిల్లా మైపాడులోనో ప్రకాశం జిల్లా కొత్తపట్నంలోనో బీచ్ ఫెస్టివల్ మాట రాగానే ఎవరో ఒకరు అంటారు, ఆస్ట్రేలియాలో చేసినట్టు రిటైరైన పెద్ద ప్లేయర్లని నలుగుర్ని పిలిపించి ఇసకలో ఆడిస్తే జనం విరగబడతారు కదా అని. విరగబడతారు, డౌటేం లేదు. కానీ ఆ టోర్నీ ఎవరి డబ్బుతో పుట్టిందో చూస్తే, ఆ సరదా మన ఒడ్డున ఎందుకు అంత తేలిగ్గా కుదరదో తెలుస్తుంది.

అది మొదలైంది 2007లో. ఆస్ట్రేలియా, ఇంగ్లండ్, వెస్టిండీస్ మాజీలతో మూడు జట్లు. కెప్టెన్లు వరసగా అలన్ బోర్డర్, గ్రాహం గూచ్, కోర్ట్నీ వాల్ష్. టోర్నీ పేరులో ముందు కనిపించేది మాత్రం ఫోర్ ఎక్స్ గోల్డ్, అంటే బ్రిస్బేన్‌లో తయారయ్యే బీరు. క్వీన్స్‌లాండ్ రాష్ట్రం వాళ్ళు మా బీరు అని చెప్పుకునే సరుకు. బోర్డర్ ఏళ్ళ తరబడి ఆడిందీ అదే క్వీన్స్‌లాండ్‌కి కాబట్టి కెప్టెన్ ఎంపిక ఊరికే జరిగిందనుకోను.

నిజానికి మాజీ ఆటగాడి మొహం పెడితే బీరు అమ్ముడుపోతుందని అంతకుముందే ఇంకో కంపెనీ చూపించింది. విక్టోరియా బిట్టర్ అనే బీరు పేరుతో అక్కడ వన్డే సిరీసే జరిగేది. 2005-06 సీజన్‌లో ఆ కంపెనీ బీరు కార్టన్‌తో పాటు ఆస్ట్రేలియా మాజీ బ్యాట్స్‌మన్ డేవిడ్ బూన్ బొమ్మ ఇచ్చింది, బుర్ర మీసాలతో, మాట్లాడే బొమ్మ! మరుసటి ఏడాది ఇంగ్లండ్‌తో యాషెస్ సిరీస్‌కి ఆ దేశపు మాజీ బోథమ్ బొమ్మ కూడా తోడైంది. ఇందులో వ్యాపార సూక్ష్మం ఒకటుంది. జట్టులో ఉన్న ఆటగాడిని వాడుకోవాలంటే బోర్డు కాంట్రాక్టులు, అప్పటికే ఉన్న స్పాన్సర్లు, నానా పేచీలు. రిటైరైనవాడికి అవేమీ ఉండవు, పైగా కార్టన్ కొనే నడివయసు మగాళ్ళకి చిన్నప్పటి హీరో అతనే.

మాజీల వైపు నుంచి చూస్తే ఇది మరీ పాత కథ. ఇవాళ్టి ఐపీఎల్ వేలం చూసి క్రికెటర్లంటే ఎప్పుడూ కోటీశ్వరులే అనుకుంటాం గానీ, 1983లో ప్రపంచకప్ గెలిచొచ్చిన జట్టుకి నజరానా ఇవ్వడానికి బోర్డు దగ్గర డబ్బు లేక లతా మంగేష్కర్ ఢిల్లీలో కచేరీ చేస్తే, ఆ వసూళ్ళతో మనిషికో లక్ష ఇచ్చారు. అంతకు రెండేళ్ళ ముందే, 1981లో, అబ్దుల్ రహ్మాన్ బుఖాతిర్ అనే అక్కడి వ్యాపారి షార్జాలో గావస్కర్ జట్టుకీ మియాందాద్ జట్టుకీ మ్యాచ్ పెట్టాడు. షార్జా క్రికెట్ అలా మొదలైంది, ఆటగాళ్ళకి సాయం చేసే నిధి పేరుతో. మన బోర్డు మాజీలకి పెన్షన్ మొదలుపెట్టింది 2004లో. ఈ మధ్యలో రిటైరైనవాళ్ళు కామెంటరీకో, కోచింగ్‌కో, ఎవరైనా పిలిస్తే ఎగ్జిబిషన్ మ్యాచ్‌కో వెళ్ళక ఏం చేస్తారు? తర్వాత ఇదే పెద్ద వ్యాపారమైంది. 2015లో సచిన్, వార్న్ జట్లు అమెరికాలో బేస్‌బాల్ స్టేడియాల్లో మూడు మ్యాచ్‌లు ఆడాయి, మూడూ వార్న్ జట్టే గెలిచింది. 2022లో మస్కట్‌లో మాజీల కోసమే లెజెండ్స్ లీగ్ వచ్చింది.

ఇక మన సంగతి. స్పాన్సర్ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందనే ప్రశ్న ప్రకాశం జిల్లా వాడికి కొత్తది కాదు. 1996 ప్రపంచకప్ పేరే విల్స్ వరల్డ్ కప్, మన జట్టు చొక్కా మీదా అదే పేరు. ఆ సిగరెట్ల కంపెనీ ఐటీసీ, మన టంగుటూరు, కొండపి, పొదిలి వేలం కేంద్రాల్లో పొగాకు బేళ్ళు కొనే పెద్ద కొనుగోలుదారు. పొగాకు కాల్చే బ్యారన్ దగ్గర రాత్రంతా మంట చూసుకుంటూ రేడియోలో కామెంటరీ విన్న రైతుకి, తన ఆకు వెళ్ళే కంపెనీయే సచిన్ చొక్కా మీద ఉందన్న లెక్క తట్టిందో లేదో. 2001లో ఐటీసీ తప్పుకుంది, సహారా వచ్చింది. 2003 చట్టంతో పొగాకు ప్రకటనలకి దారి మూసుకుపోయింది. టీవీలో మద్యం ప్రకటనలకైతే 2000లోనే అడ్డుకట్ట పడింది. కాకపోతే అడ్డుకట్టకి గండ్లుంటాయి. సోడా, మంచినీళ్ళు, మ్యూజిక్ సీడీలు, అన్నీ అదే మద్యం బ్రాండ్ పేరుతో. 2008లో బెంగళూరు ఐపీఎల్ జట్టుకి విస్కీ పేరే పెట్టారు.

నెల్లూరులో ఇంకో చిక్కుంది. సారా మీద ఆడవాళ్ళ ఉద్యమం లేచింది ఈ జిల్లాలోనే, కలిగిరి దగ్గర దూబగుంటలో. అక్షరాస్యత తరగతుల్లో చదువుకున్న పాఠం చాలామందిని కదిలించిందంటారు. రోశమ్మ లాంటివాళ్ళు ముందు నిలబడి సారా కొట్లు మూయించారు. 1992లో సారా కొట్ల వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్, 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్య నిషేధం తెచ్చారు. అది 1997లోనే సడలిపోయిందనుకోండి, ఇప్పుడు వైన్ షాపుల సంగతి చెప్పక్కర్లేదు. అయినా ఈ జిల్లా ఒడ్డున బీరు పేరుతో క్రికెట్ పండగ అంటే నాకైతే మింగుడుపడదు.

బీరు వద్దంటే ఎవరిస్తారు మరి? ఇక్కడి ఊళ్ళల్లో సంక్రాంతి టోర్నీల కరపత్రం చూడండి. ప్రథమ బహుమతి ఫలానావారి జ్ఞాపకార్థం వారి కుమారులు, ద్వితీయ బహుమతి రొయ్యల మేత డీలరు, బంతులు ఒకరు, మజ్జిగ ఒకరు, కింద నాయకుల ఫొటోలు. ఆ పద్ధతిలో ఊరి టోర్నీ దర్జాగా నడుస్తుంది. విమానం టికెట్లు, హోటల్ గదులు, మ్యాచ్ ఫీజులు మాత్రం నడవవు. వాటికి మేత కంపెనీయే నేరుగా దిగాలి, లేదంటే కృష్ణపట్నం పోర్టు లాంటి పెద్ద చెయ్యి కావాలి.

ఆట విషయంలో మాత్రం మనకి ఆస్ట్రేలియా నేర్పాల్సిందేమీ లేదు. పొడి ఇసకలో బంతి లేవదు కాబట్టి ఆటు సమయంలో నీళ్ళు వెనక్కెళ్ళిన తడి గట్టు మీదే మన కుర్రాళ్ళు వికెట్లు పాతుతారు. టెన్నిస్ బంతి తడిసి బరువెక్కితే ఇంకోటి తీస్తారు. అల దాకా కొడితే అవుట్, తెచ్చుకోవాల్సింది కొట్టినవాడే.