గల్వాన్‌కు ముందు 1996: సగమే అమలైన ఒప్పందం

చైనా పెట్టుబడులపై ఆంక్షలు ఎంతవరకు సడలించాలన్న వాదన మళ్లీ రాజుకుంది. ఢిల్లీలో ఇది లెక్కల చర్చ. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో దీన్ని కళ్లారా చూడవచ్చు. హైదరాబాద్ నుంచి విజయవాడ రహదారి మీద వస్తుంటే చౌటుప్పల్ ప్రాంతంలో మందుల ఫ్యాక్టరీలు వరుసగా కనిపిస్తాయి. మన దేశంలో మందుల తయారీకి దిగుమతి అయ్యే ముడి సరకులో మూడింట రెండు వంతులకు పైగా చైనాదే. అదే దారిలో మరో గంటన్నర ప్రయాణిస్తే సూర్యాపేట. అక్కడ, లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో ప్రాణాలు వదిలిన కల్నల్ సంతోష్ బాబు విగ్రహం ఉంది. గల్వాన్ ఘర్షణకు ఏడాది నిండిన రోజున, 2021 జూన్ 15న దాన్ని ఆవిష్కరించారు.

1962 కథ అందరికీ తెలిసిందే. 1967 నాథూలా, 1986-87 సుమ్‌దొరాంగ్ చూ ఉద్రిక్తతల గురించి కూడా చాలానే రాశారు. 1988లో రాజీవ్ గాంధీ బీజింగ్ వెళ్లి, సరిహద్దు వివాదాన్ని పక్కన పెట్టి మిగతా సంబంధాలు సాగిద్దామన్న దారి వేశారు. 1993 సెప్టెంబరు 7న మన పీవీ నరసింహారావు ప్రధానిగా బీజింగ్‌లో ఉన్నప్పుడు వాస్తవాధీన రేఖ (రెండు సైన్యాల అధీనంలోని ప్రాంతాలను విడదీసే గీత) వెంట శాంతికి తొలి ఒప్పందం కుదిరింది. ఇవన్నీ ముఖ్యమైనవే. అయితే 2020లో ఒక కల్నల్, ఆయన జవాన్లు తుపాకీ పేల్చకుండా ఎందుకు ప్రాణాలు వదలాల్సి వచ్చిందో తెలియాలంటే చదవాల్సింది మూడేళ్ల తర్వాతి పత్రం.

1996 నవంబరు 29న చైనా అధ్యక్షుడు జియాంగ్ జెమిన్ ఢిల్లీలో ఉండగా, దేవెగౌడ ప్రభుత్వ హయాంలో ఆ ఒప్పందం జరిగింది. దాని ఆరో అధికరణం ప్రకారం వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల ఎవరూ కాల్పులు జరపరాదు, పేలుళ్లు జరపరాదు, తుపాకులతో వేటాడరాదు. గల్వాన్ తర్వాత అందరూ ఉదహరించింది దీన్నే. పదో అధికరణాన్ని తలచినవాళ్లు తక్కువ. ఒప్పందంలోని కొన్ని నిబంధనలు పూర్తిగా అమలు కావాలంటే ముందు రేఖ ఎక్కడుందో ఇరుపక్షాలకూ ఒకే అవగాహన ఉండాలని, అందుకోసం పటాలు ఇచ్చిపుచ్చుకుని ఆ పని వేగిరం చేయాలని అది చెబుతుంది.

అంటే ఆ పత్రంలో రెండు మాటలున్నాయి. గీత దగ్గర తుపాకీ వాడవద్దన్నది మొదటిది. ఆ గీత ఎక్కడుందో తేల్చుకుందామన్నది రెండోది. మొదటి మాట నిలిచింది. రెండోది దారిలోనే ఆగిపోయింది. 2000 నవంబరులో, పెద్దగా పేచీ లేని మధ్య సెక్టార్ పటాలు చేతులు మారాయి. 2002లో లద్దాఖ్ వైపు పశ్చిమ సెక్టార్ వంతు వచ్చింది. చైనా ప్రతినిధులు మన పటం చూశారు, తమది చూపించారు, వెనక్కి తీసుకున్నారు. ఆ పని అక్కడితో నిలిచిపోయింది. 2015 మేలో ప్రధాని మోదీ బీజింగ్‌లోని సింఘువా విశ్వవిద్యాలయంలో మాట్లాడుతూ రేఖను స్పష్టం చేసుకోవాలని మళ్లీ కోరారు. చైనా కదలలేదు.

నా దృష్టిలో మొత్తం కథకు మలుపు ఇదే. గట్టు తెగని రెండు చేల మధ్య కర్ర పట్టుకోవద్దని పెద్దమనుషులు చెప్పి, గట్టు మాత్రం కొలవకుండా వెళ్లిపోతే ఏమవుతుందో పల్లెల్లో పెరిగినవాళ్లకు తెలుసు. ఎవరు ముందు నాగలి దింపితే వారిదే సాలు. లద్దాఖ్‌లోనే 2013లో దెప్సాంగ్‌లో, 2014లో చుమార్‌లో జరిగింది అదే. 2020 వేసవిలో అది ఒక్క చోట ఆగలేదు.

ఆ జూన్ 6న కోర్ కమాండర్ల స్థాయిలో మాటలు జరిగి, ఇరుపక్షాలూ వెనక్కి జరగాలని అనుకున్నాయి. 15వ తేదీ రాత్రి గల్వాన్‌లో 14వ గస్తీ పాయింట్ దగ్గర ఘర్షణ జరిగింది. 16వ బిహార్ రెజిమెంట్ కమాండింగ్ అధికారిగా ఉన్న సంతోష్ బాబు, ఒప్పుకున్న మాట అమలైందో లేదో చూడటానికి ముందుకు వెళ్లారు. ఇనుప రాడ్లు, మేకులు దిగ్గొట్టిన కర్రలు, రాళ్లు. గాయపడి, గడ్డకట్టే చలిలో పడి ఉన్న 17 మంది కోలుకోలేకపోయారని సైన్యం మర్నాడు ప్రకటించింది. మృతుల సంఖ్య 20. మన జవాన్ల దగ్గర ఆయుధాలు ఉన్నాయని, అయితే 1996, 2005 ఒప్పందాలను అనుసరించి ఎదురెదురు పడినప్పుడు తుపాకులు వాడకపోవడం ఎన్నాళ్లుగానో ఉన్న పద్ధతని విదేశాంగ మంత్రి జైశంకర్ అప్పుడు వివరించారు. ఒక పక్షం ఆ పత్రానికి కట్టుబడిందని ఆ మాటతో రుజువైంది.

చైనా కథనం వేరు. గల్వాన్ లోయ రేఖకు తమ వైపే ఉందని, భారత సైనికులే దాటి వచ్చారని ఆ దేశ విదేశాంగ శాఖ అంది. తమవైపు నలుగురు చనిపోయారని ఎనిమిది నెలల తర్వాత, 2021 ఫిబ్రవరిలో ఒప్పుకుంది.

ఆ రాత్రి మన విధానాన్ని ఎంతగా మార్చిందో ఇప్పుడు వాదించేవాళ్లు మరిచిపోతున్నట్టుంది. పొరుగు దేశాల పెట్టుబడులకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి చేసిన నిబంధన 2020 ఏప్రిల్‌లోనే, ఘర్షణకు ముందే వచ్చింది. చైనా కంపెనీలపై అది గట్టి అడ్డుకట్టగా మారింది మాత్రం గల్వాన్ తర్వాతే. జూన్ 29న 59 యాప్‌లు నిషేధించారు. నవంబరులో ఆస్ట్రేలియా, భారత్, అమెరికా, జపాన్ కలిసి చేసే మలబార్ నౌకా విన్యాసాల్లోకి తిరిగి వచ్చింది. ఆగస్టు చివర మన సైన్యం లద్దాఖ్‌లోని చుషుల్ దగ్గర కైలాస్ శిఖరాలను స్వాధీనం చేసుకుంది. సెప్టెంబరులో అక్కడ, 1975 తర్వాత తొలిసారి, రేఖ వెంట తుపాకులు పేలాయి. ఆ శిఖరాలను 2021 ఫిబ్రవరిలో పాంగాంగ్ సరస్సు దగ్గర ఇరుపక్షాలూ వెనక్కి జరగాలన్న ఒప్పందం కింద ఖాళీ చేశాం. చేతిలో ఉన్న ఆ ఒక్క పట్టుతో దెప్సాంగ్ కూడా అడిగి ఉండాల్సిందని అప్పట్లో కొందరు మాజీ సైనికాధికారులు అన్నారు. దెప్సాంగ్, డెమ్‌చోక్‌లలో గస్తీపై అంగీకారం కుదరడానికి 2024 అక్టోబరు 21 దాకా ఆగాల్సి వచ్చింది గనుక, ఆ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం.

అన్నేళ్లూ ఢిల్లీ చెప్పింది ఒక్కటే: సరిహద్దు ఎలా ఉంటే సంబంధం అలా ఉంటుంది. వ్యాపారం ఆ మాట వినలేదు. 2019-20లో సుమారు 65 బిలియన్ డాలర్లున్న చైనా దిగుమతులు 2024-25 నాటికి 113 బిలియన్ డాలర్లు దాటాయి. దిగుమతుల కంటే పెట్టుబడులే మేలు కదా అని 2024 ఆర్థిక సర్వే సూచించింది. ఇక్కడే ఉద్యోగాలు వస్తాయి, పరిజ్ఞానం వస్తుంది అంటారు సడలింపు కోరేవాళ్లు.

వాళ్ల వాదనకు మన పొలాల్లోనే ఒక సాక్ష్యం ఉంది. 2025 వానాకాలంలో యూరియా కోసం సింగిల్ విండో గోదాముల ముందు రైతులు తెల్లవారకముందే వచ్చి, చెప్పులు, పాసుపుస్తకాలు వరుసలో పెట్టి కూర్చున్నారు. ఆ కొరతకు కారణాలు చాలా. చైనా నుంచి యూరియా రాక తగ్గిపోవడం వాటిలో ఒకటి. ఆ ఆగస్టులో చైనా విదేశాంగ మంత్రి వాంగ్ యీ ఢిల్లీ వచ్చినప్పుడు ఎరువులు, అరుదైన ఖనిజాలు, సొరంగం తవ్వే యంత్రాల సరఫరాపై హామీ ఇచ్చినట్టు వార్తలు వచ్చాయి. వరిపొట్ట దశలో బస్తా దొరకని రైతుకు ఈ హామీ చిన్న విషయం కాదు. కానీ ఎరువు ఆపగలిగినవాడి చేతికి ఇంకేమేం అప్పగిస్తున్నామో కూడా ఆ వరుసలో నిలబడిన మనిషికి చెప్పాలి.

వాంగ్ యీ పర్యటనలోనే మరో నిర్ణయం జరిగింది. దానికి పత్రికల్లో తక్కువ చోటు దొరికింది. సరిహద్దు నిర్ధారణలో త్వరగా తేలే చోట్లను ముందు చూడటానికి నిపుణుల బృందం వేయాలని ఇరుదేశాలూ అనుకున్నాయి. 2000లో కూడా తేలికైన సెక్టార్‌తోనే మొదలుపెట్టారు. లద్దాఖ్ పటం బల్ల మీదికి వచ్చాకే అది ఆగిపోయింది.