శాటిలైట్ ట్రాకింగ్ - అపోహలు, వాస్తవాలు

రాకెట్ ముక్క ఏదో కిందికొస్తోందని వార్త వస్తే చాలు, నా ఫోన్ ఆగదు. "పైనుంచే చూసే శాటిలైట్లున్నాయి కదా, ఎక్కడ పడుతుందో తెలిసీ దాస్తున్నారట" అని. నేను చేసేది ఆర్బిట్ (శాటిలైట్లు తిరిగే దారి) లెక్కల పనే, ఎవరూ ఏమీ దాయట్లేదండీ.

అపోహ: స్పేస్‌లోని సెన్సార్లు అన్నిటినీ సీసీటీవీలా లైవ్‌లో చూస్తుంటాయి.

వాస్తవం: అవి మామూలుగా టెలిస్కోపులే. ఎండ తగిలి మెరిసే వస్తువుని నక్షత్రాల మధ్య ఫొటో తీస్తాయి, అందులో దిశ తెలుస్తుంది గానీ దూరం తెలీదు. అలాంటి ఫొటోలు చాలా కలిపి ఆర్బిట్ లెక్కకడితే ఆ వస్తువు కేటలాగ్‌లోకి, అంటే స్పేస్‌లో తిరిగేవాటి జాబితాలోకి ఎక్కుతుంది, మళ్లీ కనబడేదాకా మిగతాదంతా అంచనానే. మబ్బు, పగలు అడ్డురావు, అదీ వాటి గొప్ప. తుఫాన్ల టైంలో వైజాగ్‌లో టెలిస్కోప్ పట్టుకుని కూర్చున్నోళ్లకి దాని విలువ తెలుస్తుంది. 2013 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ20లో వెళ్లిన కెనడా వాళ్ల సఫైర్ శాటిలైట్ ఇలాంటిదే, కానీ దాన్ని చేసింది 6,000 నుంచి 40,000 కి.మీ. ఎత్తులో ఉన్నవాటిని చూడ్డానికి. 150 కి.మీ.కి దిగిపోయిన రాకెట్‌ని పట్టుకునేది ఎక్కువగా నేల మీద రాడార్లే.

2021 మేలో చైనా లాంగ్ మార్చ్ 5బీ రాకెట్ ముక్క పడేటప్పుడు వైజాగ్ మీదుగా గీత గీసిన మ్యాప్ ఒకటి వాట్సాప్‌లో తిరిగింది. మా అమ్మ వడియాల పిండి కలిపేసి కూడా మేడ ఎక్కలేదు, "ఒరే, నువ్వూ బయటికెళ్లకు" అని ఒకటే గోల. ఆవిడ భయం నాకు అర్థమైంది, కోపమంతా ఆ మ్యాప్ పంపినోళ్ల మీదే. అలాంటి రాకెట్ ముక్క సెకనుకి దాదాపు 7.8 కి.మీ. వెళ్తుంది, టైం 10 నిమిషాలు తప్పితే చోటు 4,500 కి.మీ. పైగా మారిపోతుంది. పై గాలి ఎంత దట్టంగా ఉందన్నది సూర్యుడి మీద ఆధారపడుతుంది, ముక్క దొర్లుతూ వస్తుంది, అందుకే గంటల తేడా పెట్టి చెప్తారు. మే 9 పొద్దున్న మాల్దీవుల దగ్గర సముద్రంలో పడింది. ఊరి పేరు, నిమిషాలతో సహా టైం రాసున్న మెసేజ్ వస్తే డిలీట్ చేసేయండి, ఇంకొకరికి పంపొద్దు.

శాటిలైట్లు చూపించే యాప్‌లో రెండు చుక్కలు కలిస్తే గుద్దుకున్నట్టు కాదు, పబ్లిక్ డేటాలోనే కిలోమీటర్ల తేడా ఉంటుంది. 2009లో ఇరిడియం 33, కాస్మోస్ 2251 అనే రెండు శాటిలైట్లు అర కి.మీ. పైగా ఎడంగా వెళ్తాయని లెక్కొచ్చింది, గుద్దుకున్నాయి. ఇక స్పేస్‌లోని ఈ టెలిస్కోపులు మన ఇళ్లని చూస్తాయా అంటే చూడవు, వాటి చూపు చీకటి ఆకాశం వైపు.

ఒకటి మాత్రం నిజంగా జాగ్రత్త. 2023లో మన పీఎస్‌ఎల్‌వీ భాగం ఆస్ట్రేలియా బీచ్‌కి కొట్టుకొచ్చింది. అలాంటి ట్యాంకు ఏదైనా భీమిలి వైపు తేలితే ముట్టుకోవద్దు, లోపల విషపు ఇంధనం మిగిలుండొచ్చు, దూరంగా నిలబడి పోలీసులకి ఫోన్ చేయండి.