పోర్కుపైన్ ట్రీ పాటల్లోకి మెటల్ ఎలా వచ్చింది

విజయవాడ కృష్ణలంకలో ఒక మేడ మీద గదిలో ఆదివారాలు ఐదారుగురం గిటార్లు పట్టుకుని కూర్చుంటాం. ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ పోర్కుపైన్ ట్రీ పేరెత్తితే చాలు, గొడవ మొదలు. కీబోర్డు వాయించే అన్నయ్యకి ఆ బ్యాండ్ 2000లో వచ్చిన 'లైట్‌బల్బ్ సన్' ఆల్బమ్ దగ్గరే ఆగిపోయింది. "తర్వాతదంతా రొదే రా, పాట ఏదీ?" అంటాడు. డ్రమ్స్ తమ్ముడేమో 2002 నాటి 'ఇన్ అబ్సెన్షియా'తో వినడం మొదలుపెట్టాడు, అంతకు ముందువి వింటే నిద్రొస్తుందంటాడు. పెద్ద రికార్డు కంపెనీ దొరికింది కాబట్టి అమెరికాలో అమ్ముకోవడానికి మెటల్, అంటే బరువైన గిటార్ల మోత, కలిపారన్న మాట కూడా ఈ గొడవలోనే వస్తుంది. నేను ఒప్పుకోను.

అసలు మొదట్లో అది బ్యాండే కాదు. 1987లో ఇంగ్లండ్‌లోని హెమెల్ హెంప్‌స్టెడ్‌లో స్టీవెన్ విల్సన్ ఒక్కడే ఇంట్లో రికార్డు చేసుకుంటూ, లేని బ్యాండుకి ఒక చరిత్ర కూడా అల్లేశాడు. 1993 చివర్లో స్టేజీ ఎక్కేటప్పుడు గానీ మిగతా ముగ్గురూ చేరలేదు. ఆ రోజుల్లో పాటలు పొడుగ్గా, పొగలా తేలిపోతూ ఉండేవి, అందరూ పాత బ్రిటిష్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్‌తో పోల్చేవారు. 1999లో 'స్టుపిడ్ డ్రీమ్' వచ్చేసరికి అవి కురచై, పల్లవి గట్టిగా పట్టుకునే మెలోడీ పాటలయ్యాయి. అంటే మా అన్నయ్యకి ఇష్టమైన ఆ మెలోడీ కూడా ఒక మార్పు వల్ల వచ్చిందే.

ఇక మెటల్ సంగతి. స్వీడన్ మెటల్ బ్యాండ్ ఓపెత్ తమ 'బ్లాక్‌వాటర్ పార్క్' కోసం విల్సన్‌ని ప్రొడ్యూసర్‌గా, అంటే రికార్డింగ్ దగ్గరుండి నడిపించడానికి, పిలిచింది. 2001లో వచ్చిన ఆ ఆల్బమ్‌లో వాళ్ళ గాయకుడు మికాయెల్ ఓకర్‌ఫెల్ట్ ఒక నిమిషం గర్జిస్తాడు, మరు నిమిషం జోలపాడినట్టు పాడతాడు. గోథెన్‌బర్గ్‌లోని స్టూడియోలో కూర్చుని అంత బరువైన గిటార్లని దగ్గర నుంచి విన్నవాడు ఇంటికొచ్చి పాత పద్ధతిలోనే రాస్తాడా? చిన్నప్పుడు బ్రిటిష్ హెవీ మెటల్ వింటూ పెరిగినవాడే కదా. 2002లో డ్రమ్స్‌కి క్రిస్ మైట్‌లాండ్ స్థానంలో గావిన్ హారిసన్ వచ్చాడు. నా లెక్కలో అసలు మలుపు ఇదే. ఎంత బరువైన రిఫ్ (మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ ముక్క) అయినా వెనక డ్రమ్స్ తేలిపోతే నిలబడదు.

హారిసన్ చేతివాటం తెలియాలంటే 'ఇన్ అబ్సెన్షియా'లో 'ద సౌండ్ ఆఫ్ మ్యూజాక్' వినండి. చరణం ఏడు లెక్కలో నడుస్తుంది. మన ఘంటసాల ప్రభుత్వ సంగీత కళాశాలలో మృదంగం నేర్చుకునే పిల్లలకి ఏడు కొత్త కాదు, ఏడు లెక్కల తాళం మిశ్రచాపు వేళ్ళ మీదే ఉంటుంది, వాళ్ళు రెండోసారికే అందుకుంటారు. అదే ఆల్బమ్ మొదటి పాట 'బ్లాకెస్ట్ ఐస్'లో సన్నగా మీటుతున్న గిటార్ మీద ఒక్కసారిగా రిఫ్ వచ్చి పడుతుంది, విల్సన్ గొంతు ఎత్తేసరికి అది తప్పుకుని అకూస్టిక్ గిటార్‌కి చోటిస్తుంది. గర్జన ఎక్కడా లేదు. మెలోడీ ఎక్కడికీ పోలేదు, దాని పక్కన ఒక బరువు వచ్చి కూర్చుంది, అంతే.

అసలు ఈ బరువు ఎక్కడ పుట్టిందో కూడా చెప్పాలి. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేసే టోనీ అయోమీకి మెషీన్‌లో పడి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. తర్వాత మెటల్‌కి మొదలనదగ్గ బ్యాండ్ బ్లాక్ సబ్బాత్‌లో, నొప్పి లేకుండా వంచడానికి వీలుగా, 1971 నాటికి గిటార్ తీగల శ్రుతిని మూడు మెట్లు దించేశాడు. శ్రుతి దిగితే శబ్దం చిక్కబడుతుంది. మా గదిలో మేమూ లావు తీగని 'ఈ' నుంచి 'డి'కి దించుతాం. తీగ వదులై మెట్లకి తగిలి జిర్రుమంటుంది. కాస్త లావు తీగల సెట్టు వేస్తే గానీ ఆ జిర్రు తగ్గదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండకి కిటికీ పక్కన పెట్టిన గిటార్ పాట సగంలోనే ఇంకాస్త దిగిపోతుంది.

కంపెనీ మాట కూడా పూర్తిగా కొట్టిపారేయను. 'ఇన్ అబ్సెన్షియా' లావా రికార్డ్స్‌లో వచ్చింది, న్యూయార్క్ స్టూడియోలో చేశారు, ఆ సౌండ్‌లో డబ్బు వినిపిస్తుంది. కానీ అమ్మకాలే లెక్కయితే 2007లో 'ఫియర్ ఆఫ్ ఎ బ్లాంక్ ప్లానెట్' అలా ఉండేది కాదు. ఆల్బమ్ మొత్తానికి ఆరే పాటలు, అందులో ఒకటి 17 నిమిషాలు దాటుతుంది. ఏ రేడియో వేస్తుంది దాన్ని? మధ్యలో, 2005లో వచ్చిన 'డెడ్‌వింగ్' కూడా బరువైనదే, కానీ నాకు అంతగా ఎక్కలేదు.

ఓపెత్ వైపు జరిగింది కూడా చూడాలి. 2003లో విల్సన్ సాయంతోనే వాళ్ళు 'డామ్నేషన్' చేశారు. గర్జన లేదు, అంతా మెత్తటి పాటలే. 2011 'హెరిటేజ్'లో ఆ గర్జనని మళ్ళీ పక్కన పెట్టేశారు. పోర్కుపైన్ ట్రీ బరువు తెచ్చుకుంటే ఓపెత్ మెత్తదనం తెచ్చుకుంది. మా అన్నయ్యకి 'డామ్నేషన్' ప్రాణం. మొన్న ఆదివారం ఆ ఆల్బమ్ అయ్యాక ఆపకుండా 'బ్లాకెస్ట్ ఐస్' పెట్టాను. రిఫ్ వచ్చినప్పుడు మొహం చిట్లించాడు గానీ, పల్లవి దగ్గర రెండో గొంతు తనే అందుకున్నాడు.