యూనిక్ పెట్టాం కదా, ఇంకేంటి టెన్షన్? అపోహలు - వాస్తవాలు

అపోహ: డేటాబేస్ టేబుల్‌లో ఈమెయిల్ కాలమ్‌కి యూనిక్ (ఒకే విలువని రెండోసారి రానివ్వని నియమం) ఉంటే ఒకే ఈమెయిల్‌తో రెండు ఖాతాలు రావు.

అది డేటాబేస్‌ని బట్టి ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌కి క్యాపిటల్ ఆర్‌తో మొదలయ్యే రవి వేరు, స్మాల్ ఆర్ రవి వేరు, ఇద్దరినీ హాయిగా రానిస్తుంది. ఇంకో డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 8 డిఫాల్ట్ కొలేషన్‌లో (అక్షరాలని పోల్చే పద్ధతిలో) మాత్రం ఇద్దరూ ఒకటే. ఫోన్ కీబోర్డు చాలాసార్లు మొదటి అక్షరాన్ని తనంతట తానే క్యాపిటల్ చేసేస్తుంది కాబట్టి, పోస్ట్‌గ్రెస్ ఉన్నచోట ఫోన్లో రిజిస్టరైన మనిషి ల్యాప్‌టాప్‌లో లాగిన్ అవబోతే ఖాతా లేదంటుంది, పాపం ఆయన ఇంకోటి తెరుస్తాడు.

అపోహ: రైల్స్‌లో (రూబీ భాష వెబ్ ఫ్రేమ్‌వర్క్) యూనిక్‌నెస్ వ్యాలిడేషన్ (సేవ్ చేసేముందు డూప్లికేట్ ఉందేమో చూసే చెక్) రాశాం, చాలు.

చాలదు. అది ముందు సెలెక్ట్‌తో టేబుల్‌లో వెతికి చూస్తుంది, తర్వాతే రైల్స్ ఇన్సర్ట్‌తో కొత్త వరుస రాస్తుంది. ఎవరైనా సబ్మిట్ రెండుసార్లు నొక్కితే ఆ సందులో రెండు రిక్వెస్టులూ దూరిపోతాయి. వ్యాలిడేషన్ ఉన్నది యూజర్‌కి మర్యాదగా చెప్పడానికి, అడ్డుకోవాల్సింది డేటాబేస్‌లోని యూనిక్ ఇండెక్స్. పోస్ట్‌గ్రెస్‌లో లోయర్ (అన్నిటినీ స్మాల్ అక్షరాలు చేసే) ఫంక్షన్ మీద యూనిక్ ఇండెక్స్ వేయండి, వెతికే క్వెరీలోనూ లోయర్ వాడండి, లేకపోతే వెతకడానికి ఆ ఇండెక్స్ పనికిరాదు. క్యాపిటల్, స్మాల్ తేడా చూడని సైటెక్స్ట్ ఎక్స్‌టెన్షన్ కూడా ఉంది కానీ నా ఓటు ఇండెక్స్‌కే, స్కీమా (టేబుళ్ల నిర్మాణం) చూడగానే విషయం అర్థమవుతుంది. పాత టేబుల్‌లో ఇప్పటికే డూప్లికేట్లుంటే ఇండెక్స్ పడదు. గ్రూప్ బై క్వెరీతో ఒకేలా ఉన్నవాటిని పట్టుకుని ముందు వాటిని తేల్చండి, ఏ ఖాతా ఉంచాలన్నది మాత్రం కోడ్ తేల్చే విషయం కాదు.

అపోహ: ఈమెయిల్‌లో క్యాపిటల్ మారితే అడ్రస్ మారుతుంది, స్టాండర్డే అలా చెప్తోంది.

ఈమెయిల్ పంపే స్టాండర్డ్ ఆర్‌ఎఫ్‌సీ 5321 ప్రకారం @ ముందున్న భాగానికి నిజమే. కానీ పెద్ద మెయిల్ సర్వీసులేవీ ఆ తేడా పాటించవు. టైప్ చేసింది టైప్ చేసినట్టే దాచుకోండి, పోల్చేటప్పుడు లోయర్ చేయండి.

అపోహ: లోయర్ చేస్తే అంతా అయిపోయినట్టే.

2013లో స్పాటిఫైలో చూడటానికి వింతగా ఉండే యూనికోడ్ అక్షరాలతో యూజర్‌నేమ్ పెట్టి వేరేవాళ్ల ఖాతాలోకి దూరగలిగారు. పేరుని ఒకసారి సాపు చేస్తే (పోల్చడానికి మామూలు రూపంలోకి మారిస్తే) ఒకటి, రెండోసారి చేస్తే ఇంకొకటి వచ్చేది. తెలుగులో క్యాపిటల్, స్మాల్ గొడవ లేదని సంబరపడకండి, "కుమార్" చివర పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే, పక్క అక్షరంతో కలవకుండా ఆపే కనపడని అక్షరం పెడతాయి. కంటికి రెండూ ఒకటే, పోస్ట్‌గ్రెస్‌కి మామూలుగా వేర్వేరు. ఎన్‌ఎఫ్‌సీ (యూనికోడ్ అక్షరాలని ఒకే రూపంలోకి తెచ్చే పద్ధతి) చేసినా ఆ అక్షరం పోదు. పోల్చడానికి వాడే కాలమ్‌లో మాత్రమే దాన్ని తీసేయండి, చూపించే పేరులో తీస్తే "సాఫ్ట్‌వేర్" కాస్తా "సాఫ్ట్వేర్" అయి కూర్చుంటుంది.