గుంపుకు మతి ఉండదన్న మాట ఎవరిది?

2025 జనవరి 8 రాత్రి తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వేచి ఉన్న జనంలో ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. ఇలాంటిది ఎక్కడ జరిగినా ముందుగా వినిపించే మాట ఒకటుంది: "జనం ఎగబడ్డారు." తొక్కిసలాట అన్న పేరులోనే తీర్పు కలిసిపోయి ఉంటుంది. తొక్కినవాళ్లూ జనమే, పోయినవాళ్లూ జనమే అన్నాక ఇక అడగడానికేమీ మిగలదు. అదే ఊళ్లో, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో సైకాలజీ చదివేవాళ్ల పాఠాల్లో సమూహ ప్రభావం కూడా ఉంటుంది. ఆ పాఠం ఎలా తయారైందో చూస్తే ఈ తీర్పు ఎంత పాతదో, ఎప్పుడు చెల్లకుండా పోయిందో తెలుస్తుంది.

ఆ తీర్పు రాసిపెట్టింది ఫ్రాన్సులో వైద్యం చదివిన గుస్తావ్ లె బాన్. 1871లో పారిస్ కమ్యూన్ తిరుగుబాటును కళ్లారా చూసి భయపడ్డ తరం ఆయనది. గుంపులో చేరగానే మనిషి వివేకం పోగొట్టుకుంటాడని, ఆవేశం అంటువ్యాధిలా పాకుతుందని 1895లో పుస్తకం రాశాడు. అంతకు ముందే మన దేశం తిరిగి చూసి, 1887లో భారతీయ నాగరికతల మీద పెద్ద పుస్తకం కూడా వేశాడు. గుంపుల గురించిన పుస్తకం మాత్రం ప్రయోగాల మీద నిలిచింది కాదు. అయినా నూట ముప్పై ఏళ్లుగా పోలీసు భాషలోనూ పత్రికల భాషలోనూ బతికే ఉంది.

కొలవడం మొదలుపెట్టింది వేరేవాళ్లు. ఫ్రాన్సుకే చెందిన వ్యవసాయ ఇంజనీరు మాక్స్ రింగెల్‌మన్ 1880లలో మనుషుల చేత తాడు లాగించి బలం లెక్కగట్టాడు. ఫలితాలు 1913లో అచ్చయ్యాయి. ఎనిమిది మంది కలిసి లాగితే ఒక్కొక్కరి వాటా ఒంటరిగా లాగినదాంట్లో సగానికి పడిపోయింది. బ్రహ్మోత్సవాల్లో రథం మోకు పట్టుకున్నవాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. పట్టుకున్నవాళ్లంతా లాగరు, లాగేవాళ్లంతా ఒకేసారి లాగరు. ఈ రెండూ వేర్వేరు నష్టాలు. వాటిని విడదీయడానికి 1974 దాకా ఆగాల్సి వచ్చింది. అలన్ ఇంగమ్ బృందం మనిషి కళ్లకు గంతలు కట్టి, వెనక ఉన్నవాళ్లు లాగకున్నా లాగుతున్నారని నమ్మించింది. అప్పుడూ బలం తగ్గింది. తాళం కుదరకపోవడం ఒక్కటే కారణం కాదని, పదిమంది ఉన్నారులే అన్న భరోసా కూడా పనిచేస్తుందని అలా తేలింది.

అమెరికాలో ఫ్లాయిడ్ ఆల్‌పోర్ట్ 1924లో వేసిన పాఠ్యపుస్తకంలో గుంపుకంటూ వేరే మనసేదీ లేదని తెగేసి చెప్పాడు. సిలబస్ ఎక్కువగా ఆ దారినే నడిచింది. ఆ దారిలో రాలిపోయినవి కొన్ని ఉన్నాయి, వాటిలో మనవీ ఉన్నాయి. కలకత్తా విశ్వవిద్యాలయంలో మనోవిజ్ఞాన శాఖ 1916లోనే వచ్చింది. రాధాకమల్ ముఖర్జీ, ఎన్.ఎన్. సేన్‌గుప్తా కలిసి 1928లో సామాజిక మనోవిజ్ఞానం మీద పుస్తకం తెచ్చారు. 1934 జనవరి 15 బీహార్ భూకంపం తర్వాత జమునా ప్రసాద్ పుకార్లను సేకరించి 1935లో వ్యాసం అచ్చువేశారు. భూమి కంపించినా నష్టం జరగని ప్రాంతాల్లో ఇంకా పెద్ద ముప్పు రాబోతోందన్న పుకార్లు వ్యాపించాయి. అమెరికన్ శాస్త్రవేత్త లియోన్ ఫెస్టింగర్‌ను ఆలోచనలో పడేసిన సంగతి ఇదే: భయం ముందే పుట్టింది, దానికి తగిన కారణాన్ని జనం తర్వాత వెతుక్కున్నారు. మనసులోని రెండు సంగతులు పొసగకపోతే మనిషి వాటిని ఎలాగైనా పొసిగించుకుంటాడని 1957లో ఆయన ప్రతిపాదించిన మానసిక వైరుధ్య సిద్ధాంతానికి ఇదొక పునాది. పరీక్షలో ఫెస్టింగర్ మీద ప్రశ్న వస్తుంది, ప్రసాద్ మీద రాదు.

ఇక ప్రాక్టికల్స్‌కు ఎక్కువగా అక్కరకొచ్చేవి రెండు ప్రయోగాలు. విద్యార్థులు ఎక్కువగా కలగాపులగం చేసేవీ ఇవే.

ముజఫర్ షెరీఫ్ 1935 నాటి ప్రయోగంలో చీకటి గదిలో చిన్న వెలుగు చుక్క కదలకుండానే కదిలినట్టు కనిపిస్తుంది. ఎంత కదిలిందో ఒక్కొక్కరినీ విడిగా అడిగితే తలా ఒక అంకె చెబుతారు. కలిపి కూర్చోబెట్టి పైకి చెప్పమంటే అంకెలు దగ్గరికొస్తాయి. మళ్లీ విడిగా అడిగినా ఆ గుంపు అంకెనే పట్టుకుని ఉంటారు. తలుపు సందులోంచి కాస్త వెలుగు వచ్చిందంటే ప్రాక్టికల్ పోయినట్టే. గోడ అంచు కనిపించగానే చుక్క నిలిచిపోతుంది. మధ్యాహ్నపు తిరుపతి ఎండలో మామూలు కర్టెన్ చాలదు. నల్ల అట్టతో కిటికీలు మూసి, అంచులకు టేపు వేయాలి. లోపలికొచ్చాక కళ్లు చీకటికి అలవాటు పడే వ్యవధి కూడా ఇవ్వాలి.

సాలమన్ ఆష్ 1951లో మొదలుపెట్టిన గీతల ప్రయోగంలో అయోమయమే లేదు. ఏ గీత దేనికి సమానమో చూడగానే తెలుస్తుంది. నిజంగా పరీక్షించేది ఒక్కడినే. పద్దెనిమిది సార్లు అడిగితే పన్నెండుసార్లు మిగతావాళ్లంతా ముందే కూడబలుక్కుని తప్పు చెబుతారు. ఆ పన్నెండింట్లో వచ్చిన జవాబుల్లో మూడో వంతుకు పైగా గుంపు వైపు మొగ్గాయి. నాలుగింట ఒక వంతు మంది మాత్రం ఒక్కసారీ లొంగలేదు. ఈ రెండో అంకెను రికార్డులో రాయడం చాలామంది మరిచిపోతారు, అక్కడే అర్థం తలకిందులవుతుంది. తోడుగా ఒక్కడు నిజం చెబితే లొంగుబాటు బాగా పడిపోతుంది. మన హాస్టళ్లలో ఇది చెడిపోయేది మామూలుగా రెండు కారణాల వల్ల: సీనియర్లు ముందే గుట్టు చెప్పేయడం, కూడబలుక్కున్నవాళ్లు నవ్వు ఆపుకోలేకపోవడం. పరీక్షించాల్సిన మనిషిని వేరే శాఖ నుంచి తెచ్చి, వరుసలో చివరి నుంచి రెండో కుర్చీలో కూర్చోబెట్టాలి. అయ్యాక అక్కడికక్కడే అసలు సంగతి చెప్పాలి.

1955లో డాయిచ్, జెరార్డ్ అనే పరిశోధకులు ఈ రెండు రకాల ప్రభావాలకూ పేర్లు పెట్టారు. తెలియక పక్కవాడిని చూసి తెలుసుకోవడం ఒకటి, తెలిసినా పక్కవాడికి వెరవడం మరొకటి.

క్యూలో నిలబడ్డవాడిది మొదటి బాపతు. వెనక ఉన్న మనిషికి ముందు గేటు కనిపించదు. కనిపించేవి ముందున్న వీపులే. అవి కదిలితే దారి ఇచ్చారనుకుంటాడు, అడుగు వేస్తాడు. టోకెన్లు అయిపోతున్నాయన్న మాట చెవిన పడితే కొట్టిపారేయడానికి అతని దగ్గర వేరే సమాచారం లేదు. చదరపు మీటరుకు ఏడుగురి దాకా చేరితే జనం ద్రవంలా ఊగుతారని ఇంజనీరు జాన్ ఫ్రూయిన్ రాశారు. అక్కడ ఎవరి అడుగు వాళ్ల చేతిలో ఉండదు. ఎక్కువమంది కాళ్ల కింద పడి కాదు, నిలబడ్డచోటే ఛాతీ నొక్కుకుపోయి ఊపిరాడక పోతారు. ఇందులో మతి పోయిన ఘట్టమేదీ లేదు. గేటు ఎప్పుడు తెరుస్తారో, ఎన్ని మిగిలాయో వెనక వరస దాకా వినిపించే ఏర్పాటు ఉందా లేదా అన్నదే ప్రశ్న.

ఇది తరగతిలో చూపించడానికి సుద్దముక్క చాలు. నేల మీద రెండు మీటర్ల చదరం గీసి ముందు ఎనిమిది మందిని, తర్వాత పదహారు మందిని నిలబెట్టండి. పదహారు మందంటే చదరపు మీటరుకు నలుగురు. అప్పుడు మధ్యలో ఉన్నవాళ్లను తలుపు దగ్గర ఏం జరుగుతోందో చెప్పమనండి. అంతకు మించి మనుషులను చేర్చకండి, తోయనివ్వకండి.

ప్రయాగలో మాఘమేళా మీద మన పరిశోధకులు, బ్రిటన్ పరిశోధకులు కలిసి చేసిన అధ్యయనం 2012లో వెలువడింది. చలిలో, ఇరుకులో నెల రోజులు గడిపిన కల్పవాసులు (నది ఒడ్డున దీక్షగా ఉండే యాత్రికులు), ఇళ్లకు తిరిగొచ్చాక తమ ఆరోగ్యం, మనస్థితి మునుపటి కంటే బాగున్నాయని చెప్పారు. మేళాకు వెళ్లని ఇరుగుపొరుగులో ఆ మార్పు కనిపించలేదు. లె బాన్ గుంపు గురించి రాసిన దాంట్లో ఈ మనుషులు ఎక్కడా లేరు.