సాఫ్ట్‌వేర్ కొన్నాం కదా, ఇంకా రైతుకు డబ్బు ఎందుకు ఆలస్యం? బీపీఎం గురించి కొన్ని అపోహలు - వాస్తవాలు

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో పని ఎక్కడ ఆగుతోందో చూసి సరిచేయడం నా వృత్తి. పెద్ద పేరు బిజినెస్ ప్రాసెస్ మేనేజ్‌మెంట్, పొట్టిగా బీపీఎం. ఓనర్లతో మొదటిసారి కూర్చున్నప్పుడు ఎక్కడైనా దాదాపు ఇవే మాటలు వింటాను.

అపోహ: మంచి సాఫ్ట్‌వేర్ కొంటే బీపీఎం వచ్చేసినట్టే.

తోతాపురి సీజన్లో ఒక ఫ్యాక్టరీ సంగతి చెప్తాను. రైతు ట్రాక్టర్ గేటు దగ్గర టోకెన్ తీసుకుంటుంది. లోడు తూకం, కాయ చూడటం, దించడం, ఖాళీ బండి తూకం, చేతికి స్లిప్పు. బండి లోపలికి వచ్చాక ఇదంతా ఒక పూటలో తేలిపోతుంది. డబ్బు పడటానికి మాత్రం రోజులు పడుతోంది. ఓనరేమో ‘ఇంకా మంచి సాఫ్ట్‌వేర్ చూపించండి సార్’ అంటాడు.

కాటా గదిలోకి వెళ్లి చూస్తే విషయం అర్థమైంది. అకౌంట్స్‌కు వెళ్లాల్సిన స్లిప్పు కాపీలు గోడకున్న మేకుకు గుచ్చి ఉన్నాయి. సూపర్‌వైజర్‌కు తీరిక దొరికినప్పుడు కట్టగట్టి తీసుకెళ్తాడు. పచ్చికాయ, మచ్చకాయ కింద తీసేసిన తరుగు స్లిప్పు వెనకాల పెన్సిల్‌తో రాసి ఉంది. అది 15 కిలోలా 75 కిలోలా అని అకౌంట్స్ వాళ్లు ఫోన్ చేస్తే, రాసినాయన యార్డులో ట్రాక్టర్ల మధ్య ఉంటాడు, ఫోన్ వినపడదు. కంప్యూటర్ ఒక్క నిమిషంలో బిల్లు కొడుతుంది, కాదనను. ఆ బిల్లుకు కావాల్సిన అంకె చేరడానికే రోజులు పడుతోంది.

మార్చింది చిన్న విషయమే. స్లిప్పు ముందు వైపునే తరుగుకు గడి పెట్టాం. కాయ చూసినాయన అది నింపి సంతకం చేస్తేనే ఖాళీ బండి కాటా ఎక్కాలి. రైతు తన కళ్ల ముందే తరుగు ఎంతో చూసుకుంటాడు, గొడవ పడాలన్నా అక్కడే పడతాడు. కొత్త సాఫ్ట్‌వేర్ కొనలేదు.

ఈ అంకెలు సరిగ్గా లేకపోతే ఇబ్బంది ఫ్యాక్టరీ గోడ దాటి కూడా పోతుంది. 2025 సీజన్లో తోతాపురికి కిలో 12 రూపాయలు దక్కేలా ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 ఇచ్చే ఏర్పాటు వచ్చింది. ఒకే లోడుకు రెండు చోట్ల నుంచి డబ్బు రావాలంటే రైతు పేరు, ఖాతా నంబరు, తూకం రెండు చోట్లా ఒకేలా ఉండాలి కదా.

అపోహ: ఎన్ని సంతకాలుంటే అంత భద్రం.

నలుగురు సంతకం చేస్తారంటే, పక్కవాడు చూసుంటాడులే అని నలుగురూ అనుకుంటారు. 1980ల్లో ఫోర్డ్ కంపెనీ ఉత్తర అమెరికాలో సరఫరాదారుల బిల్లులు చూసే విభాగంలో 500 మందికి పైగా ఉండేవాళ్లు. ఆర్డరు, సరుకు రసీదు, ఇన్వాయిస్ మూడూ ముందేసుకుని 14 వివరాలు సరిపోల్చడమే వాళ్ల పని. తర్వాత ఇన్వాయిస్‌నే ఎత్తేశారు. సరుకు దిగిన చోటే ఆర్డరుతో సరిచూసి, సరిపోతే డబ్బు పంపడం మొదలుపెట్టారు. సరిపోల్చాల్సినవి మూడుకు తగ్గాయి, ఆ విభాగంలో మనుషులు 75 శాతం తగ్గారు. మేనేజ్‌మెంట్ నిపుణుడు మైకేల్ హామర్ 1990లో ఈ ఉదాహరణ రాశాక ప్రపంచమంతా చెప్పుకుంది.

అందుకే ‘ఇదంతా మమ్మల్ని పీకేయడానికే’ అని స్టాఫ్ భయపడితే నేను కొట్టిపారేయను, ఆ భయం ఊరికే పుట్టింది కాదు. మిగిలే మనుషుల్ని ఏ పనికి మారుస్తారో ఓనర్ మొదటి రోజే చెప్పాలి. చెప్పకపోతే కాటా గదిలో ఎవరూ నాతో నిజం మాట్లాడరు.

అపోహ: అందరూ స్పీడు పెంచితే పని తొందరగా అవుతుంది.

గేటు దగ్గర స్పీడు పెంచితే అకౌంట్స్ బల్ల మీద కట్ట పెరుగుతుంది, అంతే. 1961లో జాన్ లిటిల్ అనే అమెరికా ప్రొఫెసర్ నిరూపించిన సూత్రం ఒకటుంది: పేరుకున్న పనిని రోజుకు తేలే పనితో భాగిస్తే, ఎన్ని రోజులు ఆగాలో తెలుస్తుంది. ఉదాహరణకు బల్ల మీద 300 స్లిప్పులు ఉన్నాయి, రోజుకు 60 తేలుతున్నాయనుకోండి. ఈరోజు వచ్చిన స్లిప్పు వంతు రావడానికి 5 రోజులు పడుతుంది. కాబట్టి ముందు కట్ట ఎక్కడ పేరుకుంటోందో చూడండి.

అపోహ: ఫ్లోచార్టు గీయించి గోడకు తగిలిస్తే సగం పని అయినట్టే.

ఇలాంటి చార్టులు ఏ గుర్తులతో గీయాలో చెప్పే బీపీఎంఎన్ అనే అంతర్జాతీయ ప్రమాణమే ఉంది, 2013లో ఐఎస్ఓ కూడా ఆమోదించింది. నేర్చుకుంటే మంచిదే. కానీ ఎండీ క్యాబిన్‌లో ఏసీ కింద గీసిన చార్టులో ఆ మేకు ఉండదు.

అపోహ: ఎప్పుడైనా మొదలుపెట్టొచ్చు.

మన దగ్గర కుదరదు. జూన్‌లో ట్రాక్టర్లు గేటు బయట రోడ్డు మీద బారులు తీరినప్పుడు ఎవరికీ మాట్లాడే టైమ్ ఉండదు, అందరికీ టెన్షన్. పోయిన సీజన్ స్లిప్పులు ఫిబ్రవరి, మార్చిలోనే బయటికి తీసి, తూకం తేదీ, డబ్బు పడిన తేదీ పక్కపక్కన రాయించండి. తేడా ఎక్కువున్న స్లిప్పులు విడిగా పెట్టి, కాటా ఆయన్నీ అకౌంట్స్ ఆయన్నీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టండి.